రోగశిశువు పాఠ్యగ్రంథమా?

ఎనిమిది నెలల పసివాడు తల్లియొడిలో నుండెను. మంచముచుట్టును పండ్రెండుగురు వైద్యవిద్యార్థులు నిలిచియుండిరి. ఒకరి వెనుక నొకరు వచ్చి, చల్లని స్టెతస్కోపును బిడ్డ రొమ్మున నుంచి, కన్నులు మూసికొని విని, తలయూపి వెనుకకు జరుగుచుండిరి. మొదటి నలుగురివరకు బిడ్డ నవ్వుచునే యుండెను. ఐదవవాడు వచ్చునప్పటికి ఏడ్పు మొదలైనది. పండ్రెండవవానికి ఏడ్పు తప్ప మఱేమియు వినబడియుండదు. గురువుగారు ఇంగ్లీషున నాలుగు ప్రశ్నలు వేసి, రెండింటికి తామే ప్రత్యుత్తరము చెప్పుకొని, ప్రక్కవార్డునకు సాగిపోయిరి. అప్పుడా తల్లి, ప్రక్కమంచముకడ బంధువుల బిడ్డకు తోడుగా కూర్చున్న నావంక జూచి, "ఇంతమంది చూశారు గదండీ, ఒక్కళ్ళన్నా నాతో ఒక్క మాట చెప్పలేదు. మా వాడికి ఏమయిందండీ?" అని యడిగెను.

ఆమెది దివిసీమ. విజయవాడ పరిసరములలోని ఆ యాసుపత్రి పేరు చెప్పను. చెప్పవలసిన యగత్యమును లేదు. పాఠము చెప్పు ఆసుపత్రి యెక్కడనున్నను ఇట్టి దృశ్యము కానవచ్చుచునే యుండును. కాని యామె ప్రశ్న నన్ను చాల దినములు వదలలేదు.

పిల్లల ఆసుపత్రి చేయు పనులు మూడు: చికిత్స, శోధన, బోధన. మొదటిది ఎదుటనున్న బిడ్డకొఱకు. తక్కిన రెండును ఇంకను రాని బిడ్డలకొఱకు. ఎదుటనున్న బిడ్డ దేహమును రాబోవు బిడ్డల మేలుకై వినియోగించుకొనుటకు మన కెక్కడి యధికారము? వయసు వచ్చినవాడు "సరే" యనగలడు, "కూడదు" అనియు ననగలడు. పసివాడు ఏడ్వగలడు, అంతకు మించి వానికి వాక్కు లేదు. వాని పక్షమున పలుకవలసిన తల్లి, వైద్యుల యెదుట నోరు మెదపలేని దీనస్థితిలో నుండును.

దీనికి లోకులు సామాన్యముగా చెప్పు సమాధాన మొకటి కలదు. "ఉచితముగా వైద్యము చేయుచున్నారు గదా, నలుగురు పిల్లలు నేర్చికొన్నచో వచ్చిన నష్ట మేమి?" అందురు. ఈ మాట నాకు మిక్కిలి హేయముగ తోచును. ధర్మాసుపత్రి యను పేరే ఈ యపోహకు మూలము. అది ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన సత్రము కాదు. కిరసనాయిలు కొన్నప్పుడును, బస్సెక్కినప్పుడును ఆ దివిసీమ తల్లి చెల్లించిన పన్నులు ఆ గోడలలో నున్నవి. ఆమె యచటికి యాచకురాలుగా రాలేదు. తన బిడ్డ శరీరమును రుసుముగా చెల్లించి వైద్యము పొందవలసిన యవసర మామెకు లేదు. అదియునుగాక, ఈ వాదమే నిజమైనచో పాఠములన్నియు బీదల బిడ్డలమీదనే జరుగవలసివచ్చును, జరుగుచున్నవి కూడ. సూర్యారావుపేట, గవర్నరుపేట వీథులలో పిల్లల వైద్యుని పలకలేని సందు అరుదు. ఆ మేడలలో చేరిన బిడ్డచుట్టు పండ్రెండుగురు నిలుతురా? నిలువరు. అచట నేర్పుగా సూది వేయు చేతులు ఆ నేర్పును ధర్మాసుపత్రి బిడ్డలమీదనే గదా సంపాదించినవి! ఒకరు ఋణము చేసి తెచ్చిన ధాన్యమును వేఱొకరు వండుకొని తినుచున్నట్లున్నది.

ఇట్లని బోధన మానుడని నేననజాలను. మానినచో చచ్చువారును పసిబిడ్డలే. పెద్దవారి మందును నాలుగవవంతు చేసి యిచ్చినచో శిశువైద్య మగునని మనవారిలో చాలమందికి భ్రమ. శిశువునకు మందు తూనికనుబట్టి లెక్కింపవలెను. నెలలు గడచుకొలది ఆ లెక్క మాఱుచుండును. ఎక్కడ నొప్పియో వాడు చెప్పలేడు. రెండునెలలలోపు బిడ్డ నిమిషమునకు 60 మార్లు, సంవత్సరములోపు బిడ్డ 50 మార్లు, ఐదేండ్లలోపు బిడ్డ 40 మార్లు, లేక అంతకు మించి ఊపిరి తీయుచున్నచో న్యుమోనియాను శంకింపవలెను. ఇది పుస్తకములో నొక పంక్తి. కాని కదలు బిడ్డ పొట్టమీద చూపు నిలిపి నిండు నిమిషము లెక్కించుట పుస్తకము నేర్పదు. డొక్కలెగురవేయుట యన నేమో, మాడు గుంటపడుట యన నేమో మన ముసలమ్మ లెఱుగుదురు. వైద్యవిద్యార్థి దానిని కన్నులతో చూచి, వ్రేళ్ళతో తాకి యెఱుగవలెను. తాకవలెనన్నచో ఎవరి బిడ్డనో తాకవలెను. మార్గాంతరము లేదు.

ఈ సంగతి పూర్వులకును తెలియును. ఆయుర్వేదపు ఎనిమిది యంగములలో కౌమారభృత్యమును ప్రత్యేకముగా నొక యంగముగ వారు నిలిపిరి. పాశ్చాత్యులలో పిల్లలకై వేఱు ఆసుపత్రి 1802లో పారిసునందు వెలసినది. లండనులో చార్లెసు వెస్టు అను వైద్యుడు 1852లో గ్రేటు ఆర్మండు వీథియందొక యింట పది మంచములతో పిల్లల ఆసుపత్రి తెఱచెను. బీదబిడ్డలకు చికిత్స, శిశురోగములనుగూర్చిన విజ్ఞానము, పిల్లల పరిచర్యలో నర్సులకు శిక్షణము అను మూడుద్దేశములను ఆనాడే చెప్పుకొనిరి. ఆ 1852లోనే గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసినది. 1855 నాటికి బెజవాడకడ కృష్ణపై ఆనకట్ట నిలిచినది. నీరు మనకు వెంటనే వచ్చినది. విద్య మాత్రము మెల్లగ వచ్చినది. ఆంధ్రదేశమున వైద్యకళాశాల విశాఖపట్టణమున 1923లోను, గుంటూరున 1946లోను, విజయవాడలో 1980లోను ఏర్పడినవి. హైదరాబాదులో నీలోఫరు ఆసుపత్రి 1953లో తెఱవబడినది. 1986లో ఆరోగ్యవిశ్వవిద్యాలయము విజయవాడకు వచ్చినది. 2018లో కృష్ణకావల మంగళగిరిలో అఖిల భారత వైద్యవిజ్ఞానసంస్థ పాఠములు మొదలుపెట్టినది. ఆనకట్టకును ఊరిలోని కళాశాలకును నడుమ నూటయిరువదియైదేండ్లు. ఈ యెడములో కాలువగట్టు పల్లెలలో ఎందరు బిడ్డలు పోయిరో ఏ కరణముగారి లెక్కలోను లేదు.

బోధనకంటె శోధన మఱియు చిక్కైనది. బోధనలో బిడ్డకు కలుగునది చిరాకు. శోధనలో ప్రాణమే పణముగా నుండవచ్చును. దీనికి మన డెల్టాలకు చేరువైన కథ యొకటి కలదు. మనవారు దానిలో సగమే చెప్పుకొందురు.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. యౌవనముననే సోదరుల నిద్దఱిని పోగొట్టుకొనిరి. అందొకరిని హరించినది స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధి. చెన్నపట్టణమున వైద్యము చదివి 1923లో అమెరికా చేరి, హార్వర్డులో కొంతకాలమును, తరువాత లెడర్లీ ప్రయోగశాలలోను పనిచేసిరి. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూరోగమున క్షీణించు రక్తమును మరల పుట్టించునది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఇంతవరకు మనవారు సగర్వముగ చెప్పుకొందురు, చెప్పుకొనదగినదే.

అటుతరువాతి కథ బోస్టనులోని పిల్లల ఆసుపత్రిలో జరిగినది. సిడ్నీ ఫార్బరు అచట మృతశిశువుల దేహములను పరీక్షించి రోగకారణములను తెలిసికొను వైద్యుడు. రక్తమున తెల్లకణములు మితిమీఱి పెరుగు ల్యుకీమియా యను క్యాన్సరుతో వచ్చిన బిడ్డలకు ఆనాడు మందు లేదు. వారములలోనో మాసములలోనో మరణము నిశ్చయము. ఫోలిక్ ఆమ్లము రక్తమునకు మేలుచేయునది గనుక, దాని సంబంధులైన మందులను కొందఱు బిడ్డల కిచ్చి చూచిరి. వ్యాధి తగ్గలేదు సరిగదా, మఱింత వడిగా ముందునకు సాగినట్లు ఫార్బరుకు కనబడినది. ఆ బిడ్డల మరణానంతరపరీక్షలో తేలిన ఈ విషయమునుండియే ఆయన కొక యూహ పుట్టెను: పోషించునది రోగమును పెంచుచున్నచో, ఆ పోషణ నడ్డగించునది రోగమును మాడ్చవలెను గదా! అసలు చెవిని పోలిన మాఱుచెవి తాళములో నిఱికి అసలు చెవిని దూఱనీయనట్లు, ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దానికి అడ్డుపడు పదార్థమును సుబ్బారావుగారి బృందము తయారుచేసి పంపినది. దానిపేరు అమినోప్టెరిన్. 1947 చివర మొదలిడి 16 మంది బిడ్డల కిచ్చిరి. వారిలో 10 మందికి నెమ్మదించినది. మంచము దిగి నడచిరి, ఆడుకొనిరి. 1948 జూన్‌లో ఈ వార్త వైద్యపత్రికలో వెలువడెను. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు గతించిరి. ఆ బిడ్డల నెమ్మదియు నిలువలేదు. కొలదిమాసములలో రోగము తిరుగబెట్టినది.

ఆ యాసుపత్రిలోని పలువురు వైద్యులు ఈ ప్రయత్నమునకు సుముఖులు కాలేదు. చావనున్న బిడ్డలను సూదులతో బాధింపక, సుఖముగ పోనిండనుట వారి యభిప్రాయము. వారిని మూర్ఖులని తీసివేయుటకు నాకు మనసొప్పదు. తొలిమందు కీడుచేసినది గదా! రెండవది మేలుచేయునని ఎవరు ప్రమాణము చేయగలిగిరి? ఈనాడు ఫలితము తెలిసినవారము గనుక మనము ఫార్బరు పక్షమున నిలుచుట సులభము. అమినోప్టెరినుకు తమ్ముడనదగిన మెథోట్రెక్సేటు నేటికిని ల్యుకీమియా చికిత్సలో నున్నది. సంపన్నదేశములలో ఈ జబ్బుగల పిల్లలలో నూటికి ఎనుబదిమందికి పైగా బ్రదుకుచున్నారు. కాని ఫలమునుబట్టి ధర్మమును నిర్ణయించినచో, పొరపాటున మంచి జరిగిన ప్రతి దుష్కార్యమును ధర్మమే కావలసివచ్చును. నేను ఫార్బరును సమర్థింతునేని అందులకు కారణము వేఱు. ఆయన మందిచ్చిన బిడ్డ, ఎవరి రోగమునకై మందు వెదకబడుచున్నదో ఆ బిడ్డయే. పరులకొఱకు వానిని బలియీయలేదు. వాని చావునే వాయిదావేయ జూచెను. ఐనను ఆ తొలిబిడ్డల విషయమున నా మనసు పూర్తిగా కుదుటపడదు. వారు మనకు పాఠము చెప్పి పోయిరి. వారి కేమియు ముట్టలేదు.

మనవారు మనుష్యుడు దేవ, ఋషి, పితృఋణములు మూడింటితో పుట్టునందురు. నాలుగవది యొకటి కలదనిపించును. ఈనాడు విజయవాడలో మెథోట్రెక్సేటు పుచ్చుకొని బడికి పోవుచున్న పిల్లవాడు, పేరైన తెలియని ఆ బోస్టను బిడ్డలకు ఋణపడియున్నాడు. వాడు దానిని తీర్చజాలడు, ఋణదాతలు లేరు. తీర్చవలసినవారు ఆ విద్యతో జీవించు వైద్యులును, ఆ యాసుపత్రులను నడుపు మనమును. ఎట్లు తీర్తుము? ఊరు విడిచిపోరాదని కొందఱందురు. సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. ఐనను బోదకాలు వ్యాధికి మందైన డైఇథైల్‌కార్బమజైను ఆయన నాయకత్వముననే 1947లో వెలువడినది. కాలువలును, మురుగుగుంటలును, దోమలును గల మన డెల్టా గ్రామములలో ఆ మాత్రలను ఇల్లిల్లు తిరిగి పంచిన దినములు పాఠకులలో పలువురకు జ్ఞాపక ముండును. కావున దేహము ఊరిలో నుండుటయే ఋణము తీర్చుట కాదు. అయితే అందఱును సుబ్బారావులు కారు. మన కాలువనీటిబిడ్డల రొమ్ములమీద విద్య నేర్చి, దూరదేశమున సంపన్నుల బిడ్డలకే దాని నమ్ముకొని, వెనుకకు ఒక యుత్తరమైన వ్రాయనివారిని ఆయన పేరుచెప్పి సమర్థింపరాదు.

శోధనలో అధర్మ మెట్లుండునో తెలిసికొనుటకు దూరము పోనక్కఱలేదు. నాడు ఆంధ్రప్రదేశమునను నేడు తెలంగాణమునను గల ఖమ్మముజిల్లాలో 2009లో, గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకాను సుమారు 14 వేలమంది బాలికలకు ఒక పరిశీలన పథకమున వేసిరి. వారిలో పలువురు వసతిగృహములలో చదువుకొను గిరిజన బాలికలు. వేలకొలది పత్రములమీద తల్లిదండ్రులు చేయవలసిన సంతకమును వార్డెన్లును ప్రధానోపాధ్యాయులును చేసిరని తరువాత తేలినది. కొందఱు బాలికలు మరణించగా 2010 ఏప్రిల్‌లో పథకము నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా లోకమున పెక్కుదేశములలో మేలు చేయుచున్నది కూడ. న్యాయముగ ఈ రెండును చెప్పవలెను. కాని 2013లో పార్లమెంటు సంఘము ఆక్షేపించినది మందును కాదు, ఆ సంతకములను. భద్రాచలపు అడవిలో నున్న తండ్రికి కబురంపి పిలిపించుటకు రెండు దినములు పట్టును. వార్డెను సంతకమునకు రెండు గడియలు చాలును. ఆ రెండు దినములు ఓపిక పట్టలేకపోవుటలోనే పాపమంతయు నున్నది. బోస్టనులో చావు తరుముకొని వచ్చుచుండెను. ఇచట ఆరోగ్యముగా ఆడుకొను పిల్లలు. తొందర యెవరిది?

భారతవైద్యపరిశోధనమండలి 2017లో ప్రకటించిన నియమములప్రకారము, శోధనకై ఏడేండ్లు దాటిన పిల్లవానిని కూడ అడుగవలెను. పండ్రెండువరకు నోటిమాట, ఆపైన వ్రాతమూలకమైన యంగీకారము, తల్లిదండ్రుల యనుమతికి తోడుగ. ఇది మంచిపని. ఏడేండ్లవాని నడుగుట యేమని మన యిండ్లలో పెద్దలు నవ్వవచ్చును. పిల్లవానిని పెండ్లికి కూడ అడుగక చేసిన కాలము మనకు మఱీ పాతది కాదు గదా!

శోధన యనగానే గాజుగొట్టములు, ఎలుకలు, విదేశపు నిధులు అని తలంపనక్కఱలేదు. 1971లో బంగ్లాదేశపు కాందిశీకులు బనగాఁవుకడ గుంపులుగ దిగినప్పుడు కలరా విజృంభించినది. నరములోనికెక్కించు సెలైను చాలలేదు. దిలీప్ మహలనాబిస్ అను శిశువైద్యుడు ఉప్పును, చక్కెర జాతిదైన గ్లూకోజును, సోడాయుప్పును నీట కలిపి పీపాలలో నుంచి, తల్లుల చేతనే బిడ్డలకు త్రాగించెను. నూటికి ముప్పదివరకు నున్న మరణములు నాలుగింటిలోపునకు దిగినవి. విరేచనములైనప్పుడు నీరీయరాదని కడుపెండగట్టిన మన యిండ్లకు ఆ పొట్లము వచ్చినది ఆ శిబిరమునుండియే. మన విజయవాడ ఆసుపత్రులలో వానకాలమున విరేచనములతో వచ్చు బిడ్డల పేరు, ఊరు చీటీమీద వ్రాయుదురు. ఆ చీటీలనే ప్రోగుచేసి, ఏ కాలువ శివారు గ్రామములనుండి ఎక్కువమంది వచ్చిరి, వారు ఏ చెఱువునీరు త్రాగుచున్నారు అని లెక్కకట్టుటయు శోధనయే. దానికి ఎవరి బిడ్డను గుచ్చవలసిన పని లేదు. ఇట్టి శోధనమీద మనవారికి ఏల ఇచ్చ పుట్టదో తెలియదు. ఆ ఫలితము పెద్దపత్రికలో పడదని కాబోలు. ఆ చెఱువున్న ఊరి పంచాయతీకి పంపినచో చాలును.

ఇక బోధనమాట. శోధనకు నియమములున్నవి, సంఘము లున్నవి. మంచముప్రక్క పాఠమునకు మర్యాదయే శాసనము. బిడ్డను తాకుటకు ముందు తల్లి నడుగవచ్చును. అడిగినచో కాదను తల్లులు మిక్కిలి తక్కువ; కాదన్న తల్లి బిడ్డకును అదే వైద్యము జరుగవలెను, లేనిచో అడుగుట వట్టి నాటకము. పండ్రెండుగురు వినవలసినచోట నలుగురు చాలరా యని గురువులు ఆలోచింపవచ్చును. స్టెతస్కోపు బిళ్ళను అరచేత రాచి వెచ్చచేయుటకు ఖర్చు లేదు. సూర్యారావుపేట మేడలలో కూడ, తల్లి యొప్పుకొన్నచో, విద్యార్థి నిలువదగునని నేనందును; అచటి బిడ్డ జబ్బును జబ్బే. అన్నిటికంటె ముఖ్యము, నేర్చికొన్నది తల్లికి చెప్పుట. ఆమె బిడ్డ దేహమునుండి తీసికొన్న జ్ఞానమున మొదటి భాగము ఆమెది. పరభాషలో దానిని ఆమె తలమీదుగా పంచుకొనుట దొంగతన మని నేననను. దానికి మఱేమి పేరు పెట్టవలెనో తోచుటలేదు.

ఆ దివిసీమ తల్లి ప్రశ్నకు ఆనాడు నేను సమాధానము చెప్పలేకపోతిని. చీకటిపడినపిదప, ఉదయమున వచ్చిన పండ్రెండుగురిలో నొక యమ్మాయి ఒంటరిగ మరల వచ్చినది. గురువుగారు పంపలేదు, తనకే యేమి తోచెనో. నేలమీద కూర్చుండి, తన పుస్తకములో చివరికాగితము చించి, గుండెబొమ్మ గీచినది. తల్లికడుపులో నున్నంతకాలము రెండు పెద్ద రక్తనాళములను కలుపుచు నొక చిన్న దారి యుండునని, పుట్టిన కొలదిదినములకే అది మూసికొనిపోవలెనని, ఈ బిడ్డకు మూసికొనలేదని, అందుచేతనే రొమ్మున ఆ చప్పుడనియు చెప్పినది. తల్లి బొమ్మను చాలసేపు చూచెను. "మా శివారు కాలవ తూము తలుపు పూర్తిగా పడకపోతే నీళ్ళు అటుపక్కకి పోతూనే ఉంటాయి, అట్టాగేనా అమ్మా?" అనెను. అమ్మాయి ముఖము వికసించినది. "అట్లాగేనండీ" అన్నది. "మరి ఎప్పుడు మూస్తారమ్మా?" అని తల్లి యడిగెను. అమ్మాయికి ఆ సంగతి తెలియదు. కాగితమును తల్లి చేతిలోనే యుంచి, కనుగొని వచ్చెదనని లేచి, గురువుగారి గదివైపు నడచినది.